ఈగలకు తానం పోసిన ఇస్తారి

ఖానాపూర్ ఇస్తారి ఏడాదికోసారి తన తేనెటీగలన్నిటికీ కుంకుడు రసంతో తలంటి, దండెం మీద ఆరేసి, రెక్కలు నలగకుండా మడతపెట్టి సందూకలో దాచిపెడతాడు. తంగేడు పూసిన పొద్దున మూత తెరిచి ఒక్కసారి దులిపితే చాలు, అవి ఆవులించుకుంటూ లేచి, ఆయనకు సలాం కొట్టి, చేన్ల మీదికి పోతాయి. నమ్మనివాళ్లు ఖానాపూర్ బస్టాండులో దిగి ఎవరినైనా అడగవచ్చు. వాళ్లు ఇంతకంటే పెద్దది చెబుతారు, అది వేరే సంగతి.

ఇస్తారి పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల ఇంట్లో. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ చెవిలో అదే టకటక. మీసం మొలవగానే ఆ చప్పుడు నుంచి తప్పించుకోవాలని గోదావరి పక్క బొగ్గు బాయిలో పనికి చేరాడు. పెండ్లాం చంద్రవ్వ కూడా సిరిసిల్ల పిల్లే. కండెలు చుట్టి చుట్టి, నూలు పోగును కండ్లు మూసుకుని వేలికొసతో గుర్తుపట్టే మనిషి. పెండ్లైన నాటినుంచి ఆమెది ఒకటే దెప్పు.

"మా బాపు నిన్ను మగ్గం మీద కూసుంటడని అల్లున్ని చేసుకున్నడు. నువ్వేమో భూమి లోపలికి పోయి కూసున్నవ్."

బాయి లోపలికి గాలి పంపడానికి పైన ఏనుగంత ఫ్యాను ఉంటుంది. అది గుయ్యిమంటున్నంతసేపు లోపలి మనిషి బతికి ఉన్నట్టు. అది ఆగిందంటే చేతిలో పని చేతిలోనే వదిలి పైకి నడవాలి. ఉద్యోగమంతా ఆ మోత కిందే గడిపిన ఇస్తారి, రిటైరై, కూతురు స్పందనను ఇచ్చిన ఊరు కదా అని ఖానాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. కట్టుకున్నాక తెలిసింది, ఈ ఊరు చప్పుడు చేయదని. కునుకు పట్టడం ఆలస్యం, ఎవరో ఫ్యాను ఆపేసినట్టు గుండె జారి లేచి కూర్చునేవాడు. ఇంట్లో ఫ్యాను పెట్టుకోరాదా అంటే, పెట్టుకున్నాడు. ఆ ఫ్యాను కరెంటు మీద తిరుగుతుంది, కరెంటు తన ఇష్టం మీద తిరుగుతుంది.

అప్పుడు సదానందం వచ్చాడు. బాయిలో జోడీగా పనిచేసిన దోస్తు, బ్లాస్టింగుల మోతకు ఒక చెవిని సమర్పించుకున్నవాడు. జైనూర్ వైపు తెలిసినవాళ్ల దగ్గర తేనెటీగల పెట్టె ఒకటి దొరికితే, వేళాకోళానికి తెచ్చి ఇస్తారి వాకిట్లో దింపాడు.

ఆ మధ్యాహ్నం ఇస్తారి పెట్టె పక్కన నులక మంచం వేసుకుని ఒరిగాడు. లోపల ఈగలు రెక్కలతో గాలి విసురుకుంటున్నాయి. గుయ్యి... అదే మోత, బొమ్మరిల్లంత చేసి పంపినట్టు. ఇస్తారి నిద్రపోయాడు. ఎంత నిద్ర అంటే, పక్కింటి యాదవ్వ కోడి ఆయన బొజ్జ మీద గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లలను తోలుకుని పోయేదాకా లేవలేదు.

తరువాత పెట్టెలు పెరిగాయి. గోడ వెంట బారుగా నిలిచాయి. కానీ ఈసారి వాన ఎడతెరిపి లేకుండా పట్టుకుంది. పూలు రాలిపోయాయి. తిండి లేని ఈగలు ఒక్కో పెట్టె ఖాళీ చేసి అడవి దిక్కు పోయాయి. చివరికి మోత మిగిలింది ఒక్క పెట్టెలో. మిగతావాటిలో కట్టిన తుట్టెలు మాత్రం ఉన్నాయి, మనుషులు విడిచిన వాడల్లాగ.

ఆ తుట్టెల మీదే ఇస్తారి ప్రాణం. ఈగకు మైనం గోడ కట్టడం తేనె ఖర్చుతో పని. కట్టి ఉన్న ఇల్లు దొరికితే, బతుకమ్మకు తంగేడు పూసేసరికి ఆ ఒక్క పెట్టె నుంచే మళ్లీ వాకిలి నింపవచ్చు. ఇల్లు లేకుంటే కట్టుకునేసరికి పూల కాలం దాటిపోతుంది, మిగిలిన ఆ ఈగలు కూడా అడవి దారి పడతాయి. అంటే మళ్లీ చప్పుడు లేని మధ్యాహ్నాలు.

"ఫికర్ చెయ్యకు, దాసిపెడితె ఖరాబు కావు" అన్నాడు ఇస్తారి.

"దాసుడు నీకొచ్చా? పోయినేడు దాసిన కట్టుడు పండ్లసెట్టు ఇంకా దొరకలే" అంది చంద్రవ్వ.

ఎండ కాసిన రోజు చూసి ఇద్దరూ కూర్చున్నారు. తేనె తీసే డ్రమ్మును ముందు చన్నీళ్లతో కడిగారు. వేన్నీళ్లు పోస్తే మైనం కరిగి రేకుకు చర్మంలా పట్టుకుంటుంది. ఈగలకు పొగ పెట్టే పొగడబ్బా లోపలి మసిని చింతపండుతో తోమారు. పెట్టెల మూలల్లో మైనాన్ని విరిగిన కత్తితో గీకి, సోడా నీళ్లతో రుద్ది, బోర్లించి ఆరబెట్టారు. ఆరిన చెక్క నుంచి పాత తేనె వాసన లేచి, వాకిలి అంతా ఏదో పండుగ రేపున్నట్టు అనిపించింది.

అంతవరకు బాగుంది. దాచడం దగ్గర ఇస్తారికి బాయి గుర్తొచ్చింది.

బాయిలో ఒక పక్క నిప్పంటుకుంటే గోడ కట్టి మూసేస్తారు. గాలి ఆడకపోతే నిప్పు దానంతట అదే చస్తుంది. నిప్పే చస్తే తుట్టెలను తినే పురుగెంత? ఇస్తారి తుట్టెలన్నిటినీ వెనక గదిలో దగ్గరదగ్గరగా పేర్చి, కిటికీకి ఇటుకలు కట్టి, తలుపు సందులను మట్టితో మెత్తాడు. చీకటి అంటే ఆయనకు భయం లేదు. ఆయన అన్నం తిన్నదే చీకట్లో.

"జరంత గాలన్న రానియ్" అంది చంద్రవ్వ.

"గాలొస్తె పురుగొస్తది."

"నూలుకు గాలి లేకుంటె మాగిపోతది."

"ఇది నూలు కాదే."

కొన్ని వారాలకు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఇస్తారి ఆ గది గోడకు మంచం ఆనించి పడుకున్నాడు. గోడ లోపలి నుంచి సన్నగా ఏదో వినిపించింది. చెవి ఆనించాడు. గరగర, గరగర. గోడకు అవతల ఎవరో మెల్లగా గుసగుసలాడుతున్నట్టు. ఆయనకు తెలిసిపోయింది. పోయిన ఈగలు తమ ఇంటి వాసన పట్టి, ఏ కన్నం నుంచో దూరి తిరిగొచ్చాయి.

ఆ వేళ నుంచి ఇస్తారి లోకంలో లేడు. వాన చూరు నుంచి కారుతుండేది, గోడ మాట్లాడుతుండేది, ఆయన కలలో బాయి దిగేవాడు. నల్లటి బొగ్గు గోడలు బంగారు రంగుకు తిరిగి, తట్ట పెడితే తేనె ధారగా కారేది. తలదీపాల బదులు నెత్తుల మీద ఈగలు వెలిగేవి. పైన ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ఎవరూ దాన్ని ఆపేవారు కాదు.

సదానందం వస్తే పట్టుకుపోయి గోడకు చెవి పెట్టించాడు.

"ఇనబడుతుందా బావా?"

"ఏ చెవి పెట్టాలె?"

"ఇనబడే చెవి పెట్టు."

సదానందం చాలాసేపు విన్నాడు. "గరగర అంటున్నయే. ఈగలు గుయ్యిమనాలె గదా?"

"జలుబు పట్టుంటది. ముసురు గదా" అన్నాడు ఇస్తారి.

చంద్రవ్వ వాకిలి ఊడుస్తూ ఆ గది గడప దగ్గర ఆగింది. మట్టి ఎండి పగిలిన సందులో తెల్లని పోగు ఒకటి వేలాడుతోంది. వేళ్లతో పట్టి లాగింది. సాగింది. రెండు వేళ్ల మధ్య నలిపి, కండ్లు మూసుకుంది. పత్తి కాదు. సాలెపురుగుదీ కాదు.

"తలుపు తెరువు" అంది.

"ఈగలు బెదురుతయే."

"ఈగలు నూలు వడుకుతయా? తెరువు."

ఇస్తారి మట్టి గీకి తలుపు లాగాడు. వెలుతురు పడగానే లోపల వందల పురుగులు ముడుచుకున్నాయి. తుట్టె నుంచి తుట్టెకు తెల్లటి పోగులు అల్లుకుని, గది నిండా తెర కట్టి ఉంది. పేర్చేటప్పుడే తుట్టెల్లో ఈ పురుగుల గుడ్లు ఉన్నాయి. మైనపు పురుగుకు కావలసిందల్లా చీకటి, వెచ్చదనం, ఎవరూ కదిలించకపోవడం. మూడింటినీ ఇస్తారి కష్టపడి సమకూర్చాడు. ఇన్నాళ్లూ ఆయన జోల అనుకుని నిద్రపోయింది, అవి ఆయన తుట్టెలను నములుతున్న చప్పుడుకు.

ఇస్తారి గడప మీద కూలబడ్డాడు. చంద్రవ్వ లోపలికి తొంగిచూసి కొంగుతో ముక్కు మూసుకుంది.

"మగ్గం వద్దని బాయికి ఉరికితివి. సూడు, పురుగులే నీ ఇంట్ల మగ్గం పెట్టినయ్."

ఇస్తారి నవ్వలేదు. "ఇగ అయిపోయింది చంద్రీ. పెట్టెలు కట్టెలకిందికి కొట్టేస్త."

ఆమె చీపురు పక్కన పడేసి లోపలికి నడిచింది. ఒక్కో తుట్టెను తీసి వెలుతురుకు పట్టి చూసింది. పోగు పట్టినవి ఒక కుప్ప. గోడ వారగా, తలుపు సందు నుంచి కొంచెం గాలి తగిలిన వైపు, పురుగు పట్టనివి కొన్ని మిగిలాయి.

"ఇటుకలు పీకు" అంది.

కిటికీ తెరుచుకుంది. పాడైన తుట్టెలను గోనెసంచిలో కట్టి నీళ్లలో ఉడికిస్తే పచ్చటి మైనం పైకి తేలింది. పెట్టెల లోపలి చెక్కను స్టవ్ మంట మీద తిప్పి, పురుగు గూళ్లు చిటచిటమనేదాకా కాల్చాడు ఇస్తారి. మంచి తుట్టెలను మాత్రం చంద్రవ్వ ఆయన చేతికి ఇవ్వలేదు. చూరు కింద వెదురు కట్టి, సిరిసిల్లలో రంగు అద్దిన నూలు చిలపలను ఆరేసినట్టు, ఒకటికొకటి తగలకుండా వేలాడదీసింది. చినుకు తగలని చోట, వెలుతురు తగిలే చోట. గాలికి అవి ఊగుతుంటే, ఒక్కో మైనపు గదిలోంచి వెలుగు కారి, వాకిలి మీద చిన్న చిన్న పసుపు మచ్చలు ఈదేవి. ఇస్తారి వాటి కింద కూర్చుని, నిద్ర లేని కండ్లతో చూస్తుండేవాడు.

ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు కోసుకుపోతున్న రోజుల్లో, చంద్రవ్వ పొగడబ్బా పట్టుకోగా, మిగిలిన ఆ ఒక్క పెట్టెలో ఈగల సరసన రెండు తుట్టెలు దింపాడు ఇస్తారి. ఇక అవి ఒప్పుకోవాలి, లేదా ఎగిరిపోవాలి. ఈగలు కొత్త గోడల మీద నడిచాయి. మూలమూల వాసన చూశాయి. దుమ్ము రవ్వలను ఒక్కోటి మోసి గడప బయట పడేశాయి. పొద్దు వాలేసరికి తంగేడు పుప్పొడి పూసుకున్న కాళ్లతో లోపలికి పోవడం మొదలుపెట్టాయి. కాసేపటికి మోత చిక్కబడింది.

ఇస్తారి మంచం వాల్చుకున్నాడు. ఈసారి ఏ కోడి వచ్చి ఏ గుడ్డు పెట్టిందో చూసినవాళ్లు లేరు. చంద్రవ్వ కూడా అదే మంచానికి ఆనుకుని కూర్చుని, చేతిలో చాయ్ చల్లారుతుండగా కునుకు తీసింది.

ఈ కథ మొత్తం సదానందం బస్టాండు చాయ్ దుకాణంలో, కుంకుడు రసం దగ్గర మొదలుపెట్టి చెబుతుంటే, ఇస్తారి చివరిదాకా విని, గ్లాసు కింద పెట్టి ఇంతే అన్నాడు:

"ఈగలను ఎవ్వలు కడగలే. పెట్టెలు కడిగినం. సగం మా చంద్రవ్వనే కడిగింది."