ఉస్తాద్ పంపినవాళ్ళు

పాలం రాజ్‌నగర్‌లో మా గల్లీకి ఎండాకాలం వచ్చిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. రెండువేల ఆరు ప్రాంతం మాట. అందరూ పోటీపడి ఇన్వర్టర్లు కొంటున్నారు. కొనే ముందు చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఒకే మనిషి దగ్గరికి వచ్చేవారు. ఆయన మాణిక్యం గారు. అద్దంకి వైపు మనిషి, ఆర్మీ సిగ్నల్స్‌లో సుబేదారుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ మేడమీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. గుర్గావ్‌లో ఉద్యోగం, ఆదివారం వస్తే ఆయన వెనకాల తిరగడం. బ్యాటరీలంటే నాకు అప్పుడు అంత పిచ్చి, ఆయన పుణ్యమే అది.

సర్వీసంతా ఆయన పని బ్యాటరీలతోనే. వైర్‌లెస్ సెట్లకి బ్యాటరీలు ఛార్జి చేసే గది ఆయన చేతికింద ఉండేది. కొండమీద పోస్టులో సెట్టు మూగబోతే ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూసినవాడు. అందుకే ఇంట్లో పెట్టుకునే బ్యాటరీని కూడా ఆయన తేలిగ్గా తీసుకునేవాడు కాదు. షాపువాళ్ళు ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు అని లెక్క అడుగుతారు. ఆయన మొదట అడిగేది వేరు.

"కరెంటు పోంగానే మీ ఇంట్లో ముందు అరిచేది ఎవరు?"

సాకేత్ నుంచి కారేసుకొచ్చిన ఒకాయన సిగ్గుపడుతూ, "మా ఆవిడేనండీ, సీరియల్ ఆగిపోద్దని" అన్నాడు.

"అట్టయితే చిన్నది చాలయ్యా. సీరియల్లో ఏడుపు అరగంటేగా!"

నవ్వులయ్యాక అసలు పాఠం మొదలయ్యేది. "లారీ బ్యాటరీ చవగ్గా వచ్చిద్దని కొనబాకండి. అది ఇంజన్ని ఒక్క తన్ను తన్ని లేపేదానికి. గంటలకొద్దీ మెల్లగా ఇయ్యమంటే సచ్చిపోద్ది. ఇంటికి ట్యూబులర్ తీసుకోండి. పొడుగ్గా ఉండిద్ది, బరువుగా ఉండిద్ది, ఓపిగ్గా ఇచ్చిద్ది. మా కోటమ్మ లాగ."

వంటింట్లోంచి కోటమ్మ గారి గొంతు వెంటనే వచ్చేది. "పొడుగూ బరువూ మీకు కనపడ్డాయి, సంతోషం. ఓపిక మాత్రం ఇయ్యాల్టితో సరి. ఇంకో చుట్టు టీ పెట్టమన్నారంటే చూడండి!"

అయినా టీ వచ్చేది. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. చివర్లో ఒక్క మాట చెప్పి పంపేవాడు. "దాబ్‌డీ రోడ్డు మీద ఫణికుమార్ షాపుకి పోండి. ఉస్తాద్ పంపాడని చెప్పండి."

సైన్యంలో పని నేర్పినవాణ్ణి ఉస్తాద్ అంటారు. తెనాలివాడు ఫణికుమార్ మాణిక్యం గారి ఛార్జింగ్ గదిలోనే పని నేర్చుకుని, హవల్దారుగా బయటికొచ్చి, బ్యాటరీల షాపు పెట్టుకున్నాడు. రిబ్బన్ కత్తిరించింది ఉస్తాదే. షాపులో ఆయనకోసం ప్రత్యేకంగా ఒక కుర్చీ ఉండేది. ఎంత బేరంలో ఉన్నా ఆయన గుమ్మంలో కనిపిస్తే ఫణి లేచి నిటారుగా నిలబడేవాడు.

వాళ్ళ ఛార్జింగ్ గదిలో ఒక పద్ధతి ఉండేదట. పరీక్ష చేసిన బ్యాటరీ మీద, చేసినవాడు సుద్దముక్కతో టిక్కు పెట్టాలి. టిక్కు పడినదాన్ని ఇంకెవరూ మళ్ళీ ముట్టుకోకూడదు, పై అధికారి అయినా సరే. ముట్టుకున్నాడంటే టిక్కు పెట్టినవాణ్ణి మొహం మీదే అబద్ధాలకోరు అన్నట్టు.

"ఎందుకండీ అలా? ఇంకోసారి చూస్తే నష్టమేముంది?" అని నేను ఒకసారి అడిగాను.

"వాడు టిక్కు పెట్టిన బ్యాటరీ వీపున ఏసుకుని మనం మంచులోకి పోవాల, క్రాంతీ. ఇక్కడ వాణ్ణి నమ్మకపోతే అక్కడెట్టా నమ్ముతాం?"

ఫణి షాపులో కూడా అదే పద్ధతి నడిచింది. టిక్కు ఉంటే మాణిక్యం గారు చెయ్యి పెట్టేవాడు కాదు.

ఆ ఏప్రిల్‌లో జనక్‌పురి నుంచి అన్నపూర్ణేశ్వరి ఆంటీ వచ్చారు. రాజమండ్రి మనిషి. భర్త రామమోహనరావు గారికి ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ఆసుపత్రి వాళ్ళు ఆక్సిజన్ మిషన్ రాసిచ్చి ఇంటికి పంపించారు. గాలి లోపలికి లాక్కుని, ముక్కు దగ్గరి గొట్టంలోకి ఆక్సిజన్ పంపే మిషన్ అది. కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. తోడుగా చిన్న సిలిండరు ఒకటుంది కానీ, అది అయిపోతే మూడో అంతస్తుకి ఇంకోటి ఎక్కించేవాళ్ళు అడగ్గానే దొరకరు.

అలవాటుగా మాణిక్యం గారి నోట ఆ ప్రశ్న వచ్చేసింది. "కరెంటు పోంగానే ముందు అరిచేది ఎవరమ్మా?"

"ఆయన అరవలేరండీ. అదే కదా నా భయం" అన్నారు ఆంటీ.

గదిలో ఎవరూ నవ్వలేదు. మాణిక్యం గారు లేచి చొక్కా వేసుకున్నాడు. అప్పటికప్పుడు జనక్‌పురి వెళ్ళి, మిషన్ వెనక రాసున్న అంకెలు చూసి, అది ఎంత కరెంటు తాగుతుందో నాచేత లెక్క కట్టించి, ఫ్యాను కూడా ఆ బ్యాటరీకి తగిలించొద్దని ఆంటీకి చెప్పాడు. మిషన్ ఒక్కటే. రెండు గంటలు కచ్చితంగా నడవాలి. ఈలోపు కరెంటు రాకపోతే రామమోహనరావు గారిని కిందికి దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వ్యవధి ఉంటుంది.

"నాకు ఇవేం తెలీవండీ అన్నయ్యగారూ. మీరు చూశానంటే నేను గుండెలమీద చెయ్యేసుకుని పడుకుంటాను."

"నేను చూస్తానమ్మా" అన్నాడాయన.

మర్నాడు ముగ్గురం ఫణి షాపుకి వెళ్ళాం. ఆంటీ కథంతా విని ఫణి నొచ్చుకున్నాడు. "అరెరె, ప్రాణంతో పని! ఉస్తాద్, మీరు కూర్చోండి. ఆంటీ, ఠండా తెప్పిస్తా." లోపలి నుంచి పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ట్రాలీ మీద తోయించాడు. కొత్త లేబులు నిగనిగలాడుతోంది. పైన తెల్లటి టిక్కు.

మాణిక్యం గారు జేబులోంచి హైడ్రోమీటరు తీశాడు. బ్యాటరీలోని యాసిడ్ చిక్కదనం చెప్పే గాజు గొట్టం అది. ఆ ఒక్కరోజూ దాన్ని బయటికి తీశాడంటే అనుమానం వచ్చి కాదు, పని అంత పెద్దదని.

ఫణి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "చెక్ చేశా ఉస్తాద్. లోడ్ పెట్టి మరీ చూశా. మీరు మళ్ళీ చూస్తే నేనింక షాపు మూసుకోవాల్సిందే."

మాణిక్యం గారు టిక్కు వైపు చూశాడు, గొట్టం జేబులో పెట్టేసుకున్నాడు. "నీకు నేర్పినోణ్ణి నేనేగదరా" అని నవ్వాడు. ఆంటీ అది చూసి నిశ్చింతగా ఠండా తాగారు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేశారు. ఫోనెత్తింది నేను. ఆవిడ ఏడవడం లేదు, గట్టిగా కూడా మాట్లాడటం లేదు. "కరెంటు పోయిందండీ. మిషను పావుగంటైనా నడవలేదు. కూతపెట్టి ఆగిపోయింది. సిలిండరు తగిలించి కింది వాళ్ళ సాయంతో ఆసుపత్రికి తెచ్చాం. గాలి అందుతోంది ఇప్పుడు. అన్నయ్యగారిని ఒక్కమాట అడగండి. ఆయన చూశానన్నారు కదా?"

మాణిక్యం గారు నా పక్కనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. నేను ఫోనందించబోతే తీసుకోలేదు.

మేం జనక్‌పురి వెళ్తే, ఆంటీ వాళ్ళబ్బాయి ఆసుపత్రి నుంచి వచ్చి మాకు తలుపు తీశాడు. అప్పటికి కరెంటు వచ్చి బ్యాటరీ మళ్ళీ ఛార్జి ఎక్కుతోంది. తీగలు విప్పి హైడ్రోమీటరు ముంచితే అంతా సవ్యంగా చూపించింది. కొత్తదానికంటే బాగుంది. మాణిక్యం గారు సంచిలోంచి లోడ్ టెస్టరు తీశాడు. బ్యాటరీ మీద ఒక్కసారిగా పెద్ద బరువు మోపి, ఎంతసేపు నిలుస్తుందో చూసే మీటరు. రెండు కొసలూ ఆనించగానే ముల్లు దబ్బున కింద పడింది.

"యాసిడ్ చిక్కది పోశాడు" అన్నాడు మెల్లగా. "లోపల పలకలు సచ్చినియ్యే. పైన చిక్కటి యాసిడ్ పోస్తే గొట్టం బాగానే చూపించిద్ది. లోడ్ పెడితేగానీ దొరకదు. ఈ దొంగతనం ఎట్టా జరిగిద్దో, ఎట్టా పట్టుకోవాల్నో నేనే చెప్పా వాడికి. బోర్డు మీద బొమ్మేసి చెప్పా."

లేబులు ఒక మూల గోరుతో లేపాడు. కింద పాత జిగురు, దానికింద ఇంకో కంపెనీ లేబులు ముక్క. డబ్బా మీద తయారైన నెల గుద్దే చోట గరుకు కాగితంతో రుద్దిన మరక. పాత బ్యాటరీని కడిగి, యాసిడ్ మార్చి, కొత్త బట్టలు తొడిగారు.

ఆటో ఎక్కి ఫణి షాపుకి బయల్దేరాం. దారిపొడవునా ఆయన ఫణి తరఫున ఏదో ఒక సాకు కోసం వెతుకుతున్నాడని నాకనిపించింది. షాపు ముందు దిగుతూ, "వీణ్ణే ఎవడన్నా మోసం చేసి ఉండొచ్చు క్రాంతీ. పైనించే ఇట్టాంటిది వచ్చి ఉండొచ్చు" అన్నాడు కూడా.

ఫణి లేచి నిలబడ్డాడు. "ఉస్తాద్! రండి, రండి."

"జనక్‌పురి బ్యాటరీకి లోడ్ పెట్టి చూశా."

ఫణి కూర్చోకుండా పక్కకి చూశాడు. షాపులో ఇద్దరు కొనేవాళ్ళున్నారు. పనివాడు వాళ్ళ ముందు ఒక బ్యాటరీకి లోడ్ పెట్టి ముల్లు చూపిస్తున్నాడు. అది గట్టిగా నిలబడింది. మాణిక్యం గారు అటు చూశాడు.

"అదేంది, అది బాగానే ఉందే! నీ దగ్గర మంచియి కూడా ఉన్నాయన్నమాట."

"ఉస్తాద్, లోపలికి రండి, మాట్లాడుకుందాం..."

"ఇక్కడే చెప్పు. మంచిది ఉండంగా, ఊపిరాడని మనిషికి ఆ సచ్చినదాన్ని ఎట్టా ఇచ్చావురా?"

ఫణి గొంతు తగ్గించాడు. "కావాలని ఆయనకే ఇయ్యలా ఉస్తాద్. వరసలో అదొచ్చింది. బయటోళ్ళు లోడ్ పెట్టి చూపించందే కదలరు, చూస్తున్నారుగా. పాతియి వాళ్ళకి అంటగట్టలేం. మీరు పంపినోళ్ళు అడగరు. ఉస్తాద్ పేరు చెప్తారు, టిక్కు చూసుకుంటారు, ఆటోలో ఎక్కించుకుపోతారు. అందుకని అయ్యి విడిగా లోపల పెట్టేవాణ్ణి."

"ఏయి?"

"మీరు పంపినోళ్ళ కోసం... అయ్యే."

మాణిక్యం గారు తన కోసం వేసిన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఏడాది ఎంతోమంది వచ్చి మా బ్యాటరీ తొందరగా దిగిపోతోందని చెప్పుకున్నారు. కూలర్ పెట్టుంటారు, నీళ్ళు పోయడం మరిచిపోయుంటారు అని ఈయనే వాళ్ళని తిట్టి పంపాడు. వాళ్ళు నమ్మి, తప్పు తమదే అనుకుని వెళ్ళారు. అవన్నీ నాకే గుర్తొచ్చాయంటే, ఆయనకి రాకుండా ఉంటాయా?

"నేను ఎవర్నిరా నీకు?"

"మీరు నా ఉస్తాదే. ఇప్పటికీ అంతే. ఆ ఒక్కటీ మార్చేసి కొత్తది ఇప్పుడే పంపిస్తా. మిగతావాళ్ళకి తెలియాల్సిన పనేముంది? మన మధ్యే ఉంచుదాం."

"మన మధ్య అనబాక" అన్నాడాయన. అంతకుమించి తిట్టలేదు. ఏవైనా నాలుగు తిడితే బాగుండునని నాకే అనిపించింది.

తర్వాతి వారమంతా మేమిద్దరం లోడ్ టెస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. తలుపు తీయగానే ఆయనే ముందు చెప్పేవాడు, మీ బ్యాటరీ పాతదై ఉండొచ్చు, నేను చూడకుండానే చూశానన్నాను అని. కొందరు పాపం అన్నారు. ఎక్కువమంది అనలేదు. సాకేత్‌లో ఆ సీరియల్ ఆయన నవ్వుతూనే అడిగాడు. "అంటే ఇన్నాళ్ళూ మీకేం ముట్టలేదంటారా? ఊరికే పంపారా సుబేదార్ సాబ్?" కోటమ్మ గారు గుడి దగ్గర ఇలాంటి మాటే విని ఇంటికొచ్చి రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కొందరు బ్యాటరీలు ఫణి దగ్గరికి తీసుకెళ్ళి గొడవపడి మార్పించుకున్నారు. ఆదివారాలు మా ఇంటికి రావడం మాత్రం అందరూ మానేశారు.

రామమోహనరావు గారు ఇంటికి వచ్చే రోజున మాణిక్యం గారు తన సొంత ఇన్వర్టరు కింది బ్యాటరీ విప్పదీశాడు. షాపు పుట్టకముందు, ఆయన స్వయంగా పరీక్షించి కొనుక్కున్నది. కోటమ్మ గారు విసనకర్ర వెతుక్కుంటూ, "తీసుకెళ్ళండి. మనం అరవగలంలే" అన్నారు.

జనక్‌పురిలో మూడంతస్తులు దాన్ని మోసుకెక్కాం. తలుపు దగ్గర అన్నపూర్ణేశ్వరి ఆంటీ లోపలికి రమ్మన్నారు కానీ బ్యాటరీని గుమ్మం బయటే ఉంచమన్నారు. హాల్లో అపరిచితుడైన మెకానిక్ ఒకడు, తన టెస్టరుతో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు.

"ఏమీ అనుకోకండి. ఇతను ఒకసారి చూస్తాడు. చూశాకే పెట్టించుకుంటాను" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. నిర్ణయం ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆంటీ, ఇది ఆయన సొంత..." అనబోయాను. మాణిక్యం గారు నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

మెకానిక్ వంగి, రెండు కొసలూ ఆనించాడు. ముల్లు కొంచెం దిగి, నిలబడింది. "ఠీక్ హై మేడమ్" అంటూ తీసేయబోయాడు.

"అభీ నహీ, భయ్యా" అన్నాడు మాణిక్యం గారు. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. "థోడా ఔర్ రఖో. అమ్మా, అతను ఇంకాసేపు ఉంచుతాడు, మీరే దగ్గరికొచ్చి మీ కళ్ళతో చూడండి."

ఆంటీ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ముల్లు మీదికి వంగారు.