ఎనభై మీద వణికిన స్టీరింగ్

మా కారుకి ఆ వానాకాలం ఒక జబ్బు పట్టుకుంది. డెబ్భై దాకా బుద్ధిగా వచ్చేది. ఎనభై తాకగానే స్టీరింగ్ నా చేతుల్లో సన్నగా అదరడం మొదలుపెట్టేది. వేగం తగ్గిస్తే ఏమీ ఎరగనట్టు ఊరుకునేది.

వణుకులు కనిపెట్టడమే నా ఉద్యోగం. రాయపూర్ పక్కన సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ప్లాంటులో ఇరవై ఏళ్లకు పైగా మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. కొలిమి పొగని లాగే మనిషెత్తు ఫ్యాన్లు నా బాధ్యత. వాటిలో ఒకటి అదిరితే స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రోగం ఎక్కడుందో చెప్పేస్తాను. ఈ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది. అలాంటివాడిని సొంత కారు దగ్గర బొక్కబోర్లా పడ్డాను. తెలివి లేక కాదు, భయం వల్ల.

ఆ భయం మా నాన్నది. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు. యాభై మూడో ఏట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో అలసట అన్నారు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. వ్యాగన్ల కింద దూరి బోల్టులు బిగించిన మనిషి, గుండీ కోసం మా అమ్మ ముందు నిలబడేవారు. కారుకి జబ్బు పట్టిన ఆ సంవత్సరం నాకూ యాభై మూడే.

పొద్దున్నే ప్లాంటుకి చేరి గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టబోతే వేళ్లు జిమ్మని తిమ్మిరెక్కి ఉండేవి. అక్షరాలు వంకర పోయేవి. స్టీరింగ్ అదురు వల్ల వేళ్లకి తిమ్మిరి వస్తుందని ఎవరికైనా తడుతుంది. నాకు మాత్రం అదురు నా వేళ్లలోంచే స్టీరింగ్‌కి పాకుతోందేమోనని అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక ఇక మనిషికి బుర్ర పని చెయ్యదు. ఒకరోజు గది తలుపేసుకుని, చెయ్యి చాపి, దాని మీద కాగితం పెట్టి చూసుకున్నాను. కాగితం వణికింది. పైన ఫ్యాను తిరుగుతోందన్న సంగతి గంట తర్వాత గుర్తొచ్చింది. అది ఆపి మళ్లీ చూసుకునే ధైర్యం మాత్రం రాలేదు.

కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆటోలూ స్కూటర్లూ కిటకిటలాడే వీధిలో నలభై మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

"కుఛ్ నహీ హై సాబ్. గాడీ ఏక్‌దమ్ మఖ్ఖన్ హై. ఆప్‌కా వహమ్ హై" అన్నాడు. బండి వెన్నలా ఉందట, అంతా నా భ్రమట.

టైర్లు వేసి నాలుగు నెలలే అయింది, బ్యాలెన్సింగ్ అప్పుడే చేయించాను. ఇక చక్రాలని అనుమానించే పని లేదనుకున్నాను. చక్రాలు బాగుండి, బండి వెన్నలా ఉంటే, మిగిలింది నేనే కదా. అప్పటినుంచి ఎనభై దాకా పోనివ్వడం మానేశాను. తిమ్మిరి తగ్గింది గానీ అనుమానం తగ్గలేదు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. వెళితే ఆయన రోగానికి పేరు పెట్టి చెప్పేస్తాడు.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక ఆదివారం నయా రాయపూర్‌లో స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్లి, భోజనం చేసి, నేనూ మా ఆవిడా తిరిగి వస్తున్నాం. అంత వెడల్పు రోడ్డు మీద కనుచూపు మేర బండి లేదు. నేను అరవై మీద ఈడ్చుకుంటూ వస్తున్నాను. మా ఆవిడ బడిలో టీచరు. ఊళ్లో కూరగాయలకీ బడికీ కారు నడుపుతుంది, నలభై దాటదు. ఉన్నట్టుండి, "కారు ఆపండి, నేను నడుపుతాను" అంది.

"ఎందుకూ?"

"ఇంత కాళీ సడక్ మళ్లీ దొరుకుతాదేటి నాకు? దిగండి."

దిగాను. చోట్లు మార్చుకున్నాం. అరవై అయింది. డెబ్భై అయింది. నా కళ్లు స్పీడోమీటర్ ముల్లు మీదే ఉన్నాయి. అది ఎనభై తాకాలనీ ఉంది, తాకకూడదనీ ఉంది. ఆమె చేతుల్లో స్టీరింగ్ కదలకుండా నిలిస్తే నా కథ తేలిపోతుంది.

"ఇంకొంచెం తొక్కు" అన్నాను.

ముల్లు ఎనభై తాకింది.

"ఏటండీ ఇది! స్టీరింగ్ ఇలా కొట్టుకుంటున్నాదేటి?"

"ఏదీ, మళ్లీ చెప్పు."

"గాడీ అదిరిపోతున్నాదంటే వినపడదేటి? ఆపీమంటారా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆమె కారు పక్కకి తీసి ఆపేసి, భయమూ కోపమూ కలిపి నన్ను చూసింది. "ప్రాణం మీదకొస్తే నవ్వుతారేటండీ!" అంది. అప్పుడు చెప్పాను, మా నాన్న చెయ్యి సంగతీ, నా రెండు నెలల సంగతీ. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇక నా బుర్ర నా దగ్గరికి తిరిగొచ్చింది. దిగి, ఫోను లైటు వేసి, ముందు ఎడమ చక్రం రిమ్ము లోపలికి చూశాను. అరచేయంత నల్లటి పెళ్ల అంటుకుని ఉంది. మా ప్లాంటు ఆవరణలోని బొగ్గు పొడీ ఇనుప పొడీ వానకి బురదై, ఎగిరి అక్కడ పడి, ఎండకి రాయిలా బిగిసింది. ఒక పక్కే బరువు, అందుకే అదురు. ఫ్యాను అదిరితే ముందు రెక్కలకి ఏం అంటుకుందో చూడండర్రా అని ప్లాంటులో కొత్తవాళ్లందరికీ మొదటిరోజే చెప్పేది నేనే. జాకీ రాడ్‌తో నాలుగు పోట్లు పొడిస్తే పెళ్ల ఊడి రోడ్డు మీద పడింది. ఈసారి నేనే నడిపాను. ఎనభై, ఎనభై అయిదు, తొంభై. స్టీరింగ్ నిద్రపోతున్నట్టు ఉంది.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టింది. అంచుదాకా నిండుగా ఉంది. అప్పుడు తట్టింది, ఈ రెండు నెలలూ ఆమె నాకు ముప్పావు గ్లాసే ఇస్తోందని. పాలకి పొదుపు చేస్తోందనుకున్నాను. మా నాన్నకి చివరి సంవత్సరాల్లో, మీద ఒలక్కుండా, ఈమే అలా తగ్గించి పోసేది.

నేను నా చేతులకేసి చూసుకోవడం ఆమె ఎప్పుడో పసిగట్టిందన్నమాట. గ్లాసు ఎత్తి నెమ్మదిగా తాగాను. ఆమె పొయ్యి దగ్గర నిలబడి, చివరి గుక్క దాకా నా చేతినే చూసి, అప్పుడు బడికి తయారవడానికి లోపలికి వెళ్లింది.