నోరీన్ పెరటికి సాక్షి

గంజాయివనంలో తులసిమొక్క అంటారు. మా ఆల్డర్ ఫోర్డ్‌లో అలాంటి తులసిమొక్కలెవరూ లేరు. కలప మిల్లు మూతపడే దారి పట్టాక ఊళ్ళో సగం ఇళ్ళు గంజాయి పండించి బతికాయి. మిగతా సగం ఆ సగానికి ఎరువులూ పైపులూ రొట్టెలూ అమ్ముకుని బతికాయి. నేను బావి పంపులు బాగుచేసేవాణ్ణి. నేను అడుగుపెట్టని పెరడు ఈ ఊళ్ళో లేదు. ఎవరైనా అడిగితే మాత్రం నేనేమీ చూడలేదు. నా అన్నం ఆ చూడకపోవడంలోనే ఉండేది.

ఆ పెరళ్ళన్నిటిలోకీ శుభ్రమైనది నోరీన్ టకెట్‌ది. నోరీన్, ఆమె మొగుడు రే, ఓ పాత రొట్టెల బండిలో మిస్సోరీ నుంచి ఈ ఊరొచ్చినప్పుడు ఆమెకి ఇరవై ఏళ్ళు. రే మిల్లులో చేరాడు. ఆమె బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే పనిలో చేరింది. ఎనభై ఆరులో రే నడుం మీదికి దుంగ దొర్లింది. ఆ తర్వాత అతను బతికిన పదిహేడేళ్ళూ కుర్చీకీ మంచానికీ మధ్యే తిరిగాడు. దుంగ దొర్లిన ఆ ఏడే, వసంతంలో నోరీన్ నాకు కబురంపింది, పంపు మూలుగుతోంది వచ్చి చూడమని. వెళ్తే పంపు దివ్యంగా ఉంది. ఆమెకి కావలసింది కప్పీలు.

ఆగస్టు వచ్చిందంటే ప్రభుత్వం హెలికాప్టర్లు మా కొండల మీద గద్దల్లా తిరిగేవి. అందరూ పొదల మధ్య నాటి దొరికిపోతుంటే, నోరీన్ కుండీల్ని ఏకంగా ఓక్ చెట్ల కొమ్మల్లోకి ఎక్కించాలనుకుంది. పైనుంచి చూసేవాడికి ఆకుల్లో ఆకులు కలిసిపోతాయి. పదకొండు కప్పీలు బిగించాను, కప్పీకి రెండు కుండీలు. రోజూ పొద్దున్నే తాడు లాగి దించడం, నీళ్ళు పెట్టడం, మళ్ళీ ఎక్కించడం. ఆ తాళ్ళు లాగీ లాగీ ఆమె అరచేతులు దుంగలు మోసేవాడి చేతుల్లా తయారయ్యాయి. తను ఒక్క దమ్ము కూడా పీల్చి ఎరగదు. పంట అయిపోగానే కాడలూ, వేళ్ళూ, విత్తనాల పొట్లాల మీది చీటీలూ, నీళ్ళు పెట్టిన రోజులు గుర్తుపెట్టుకున్న గోడ కేలండరూ, అన్నీ ఇనప పీపాలో పడేసి తగలబెట్టేది. ముప్పై ఏళ్ళలో పోలీసులు ఆ గుమ్మం తొక్కలేదు.

ఇక్కడ మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఎవరి పెరట్లో ఏముందో ఎవరూ నోరెత్తరు. పెళ్ళాంతో కూడా అనరు. ఎనభై ఎనిమిదిలో గ్యాస్ బండి తోలే లోవెల్ అనేవాడు, రోడ్డు మీద ఆపిన, మా జిల్లా పోలీసు అధికారి షెరీఫ్ మనిషితో ఒక ఇంటి గురించి ఒక్క ముక్క వాగాడు. చెడ్డవాడేం కాదు, నోటి తీట. మూడిళ్ళ మీద దాడి జరిగింది. ఒక ఇంట్లో పసిపిల్లని సర్కారు తీసుకుపోయింది. ఆ తర్వాత కాఫీ కొట్లో లోవెల్‌కి కాఫీ పోసినవాడు లేడు. అతని బండి బురదలో దిగబడితే పక్కనుంచే పోయాం. నేనూ పోయాను. మంచు కరిగేసరికి పెట్టేబేడా సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ చలికాలం నా నాలుకకి ఎవరో సీలు వేసినట్టయింది.

రెండు వేల పదహారులో రాష్ట్రం ఓటు వేసి గంజాయి నేరం కాదంది. పండించనివ్వాలా, అమ్మనివ్వాలా అన్నది మాత్రం ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకోమంది. మా ఊరు తేల్చుకోవడానికి ఒక చలికాలం పట్టింది. కౌన్సిల్ హాలు గుమ్మం ఎన్నడూ తొక్కనివాళ్ళు వచ్చి వెనక బల్లల మీద, తలుపుకి దగ్గరగా కూర్చునేవారు. మాట్లాడటానికి లేచినవాడల్లా "మా స్నేహితుడొకడు పండిస్తాడు, వాడి తరఫున అడుగుతున్నా" అని మొదలుపెట్టేవాడు. మేయర్ గ్రెచెన్ హోల్ట్ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఓ రోజు విసుగొచ్చి, ఈ ఊళ్ళో అందరికీ ఉన్న ఆ స్నేహితుణ్ణి ఒకసారి తీసుకురండి, నేరుగా మాట్లాడతాను అంది. హాలంతా నవ్వింది గాని ఒక్కడూ తనని తాను చూపించుకోలేదు.

గంజాయి తోట బడికి ఎంత దూరం ఉండాలి, ఆ దూరం బడి తలుపు నుంచి కొలవాలా కంచె నుంచి కొలవాలా అన్నదానికే రెండు వారాలు పోయాయి. కంచె ఆరడుగులు ఉండాలన్నారు. వాసన కంచె దాటకూడదన్నారు. గాలికి ఎవరు చెబుతారో మాత్రం రాయలేదు. దుకాణాలు రెండే, అవీ హైవే పక్కనే, బోర్డు మీద ఆకు బొమ్మ ఉండకూడదు, రాత్రి ఎనిమిదికి మూసెయ్యాలి. పండించడానికి పది పర్మిట్లు. అందులో నాలుగు, పదేళ్ళకి పైగా ఈ ఊళ్ళోనే పండిస్తున్న పాతవాళ్ళకి. ఆ నాలుగూ గ్రెచెన్ పట్టుబట్టి పెట్టించింది, లేకపోతే పదీ బయటి కంపెనీలే ఎగరేసుకుపోయేవి. కాకపోతే పాతవాళ్ళమని రుజువు చూపాలి: ఫోటోనో, కేసు కాగితమో. అవేవీ లేకపోతే కౌన్సిల్ ముందు ప్రమాణం చేసి చెప్పే ఇద్దరు సాక్షులు.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. మావాళ్ళు దాన్ని తలకిందులు చేశారు. మూడుసార్లు అరెస్టయిన తాగుబోతు బడ్ స్టైల్స్, మూడు కేసు కాగితాలూ బల్ల మీద పేకముక్కల్లా పరిచి మొదటి పర్మిట్ కొట్టుకుపోయాడు. ముప్పై ఏళ్ళు ఎవరి కంటా పడని నోరీన్ దగ్గర ఒక్క కాగితం లేదు. అన్నీ తనే బూడిద చేసింది.

మేయర్‌కి తెలియదా? గ్రెచెన్ తల్లి ఆఖరి నెలల్లో నోరీన్ కాచిన గంజాయి నూనె చుక్కలతోనే నిద్రపోయింది. కానీ తెలిసినంత మాత్రాన ఆ కుర్చీలో కూర్చుని తెలుసనకూడదు. ఆ నూనె చేర్చిన నర్సు ఐడా మొదటి సాక్షిగా ప్రమాణం చేసి చెప్పింది. ఇంకొక్కరు కావాలి. నోరీన్ నా దగ్గరికొచ్చింది.

"ఆ కప్పీలు బిగించింది నువ్వే. నీకంటే ఎవరికి తెలుసు? నాకు అరవై మూడొచ్చాయి మెర్ల్. చచ్చేలోగా ఒక్క పంటైనా నా పేరు రాసి అమ్మాలనుంది. దాక్కుని దాక్కుని విసుగొచ్చేసింది" అంది.

చెబుతానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ వసంతంలోనే, పర్మిట్ వచ్చేస్తుందన్న ధైర్యంతో, ఇరవై రెండు కుండీలూ మొదటిసారి నేల మీద వరసగా పెట్టింది. తాళ్ళు విప్పేసింది. ఎండలో తలెత్తుకు నిలబడ్డ ఆ మొక్కల్ని చూసి చిన్నపిల్లలా మురిసిపోయింది. ఆమె వంటింట్లో మూడుసార్లు వల్లెవేశాం. తను లాయరులా గొంతు బిగించి అడిగేది, నేను ఎనభై ఆరు నుంచి మొదలుపెట్టి చెప్పేవాణ్ణి. మూడోసారి బాగా చెప్పానని మొక్కజొన్న రొట్టె పెట్టింది.

ఆగస్టులో ఒక మంగళవారం సాయంత్రం ఆరింటికి విచారణ. హాలు నిండుగా ఉంది. ఎప్పటిలాగే షెరీఫ్ మనిషి ఒకడు యూనిఫాంలో తలుపు పక్కన నిలబడ్డాడు. కౌన్సిల్ బయటినుంచి తెచ్చుకున్న కుర్ర లాయరు నన్ను ముందుకి పిలిచి కుడిచెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తాను. సరిగ్గా అప్పుడే ఆ షెరీఫ్ మనిషి నడుముకున్న రేడియో గరగరలాడింది.

"మిస్టర్ ప్రూయిట్, రెండు వేల ఏడుకి ముందు నోరీన్ టకెట్ గారి పెరట్లో గంజాయి పెంచడం మీరు స్వయంగా చూశారా?"

"లేదండి" అన్నాను.

ఆ మాట నేను అనలేదు, నా నోరు అంది. ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి దానికి తెలిసిన జవాబు అదొక్కటే. లాయరు కాగితం తిప్పబోతుంటే గ్రెచెన్ చెయ్యి అడ్డం పెట్టింది. ముందుకి వంగి, బళ్ళో మొద్దబ్బాయికి చెప్పినట్టు నెమ్మదిగా అడిగింది.

"మెర్ల్, కంగారేం లేదు. ఇక్కడెవరూ నిన్నేమీ చెయ్యరు. బాగా ఆలోచించుకుని చెప్పు. ఆ పెరట్లో నువ్వేం చూశావు?"

దేవుడు ఇంతకంటే ఏం చేస్తాడు ఎవరికైనా? రెండోసారి అడిగించాడు. నేను తలుపు పక్కన ఉన్న ఆ యూనిఫాం వంక చూశాను.

"టమాటాలు" అన్నాను.

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నోరీన్ నవ్వలేదు. ఒళ్ళో ఉన్న చేతిసంచీ పిడి సర్దుకుంది, అంతే. కూర్చున్నాక లేచి మాట మార్చొచ్చు. నాకు తెలుసు. నేను లేవలేదు. పిరికితనానికి ముసలితనం అని పేరు పెట్టుకోవడం నాకిష్టం లేదు, అది పిరికితనమే. ఇద్దరు సాక్షులు లేనందున దరఖాస్తు తిరస్కరించామని చదివారు. పాతవాళ్ళెవరూ రుజువు చేసుకోలేక మిగిలిపోయిన ఆ పర్మిట్, రాష్ట్రం దక్షిణం వైపు నుంచి వచ్చిన కంపెనీ ఒకదానికి పోయింది. పాత మిల్లు స్థలంలో మొక్కలు పెంచే గాజు షెడ్లు వేస్తారని చెప్పుకున్నారు.

బయట ఆమె నా బండి దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇన్నేళ్ళూ నిన్ను నమ్మింది నువ్వు చెప్పవనేగా. ఇప్పుడు చెప్పలేదని ఏమననూ?" అని నడుచుకుంటూ ఇంటికి పోయింది.

ఆ మాట నన్ను తెల్లవార్లూ పొడిచింది. పొద్దున్నే కౌన్సిల్ ఆఫీసు తలుపు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. గుమాస్తా దగ్గర ప్రమాణ పత్రం ఫారం తీసుకుని, వెనక్కి తిప్పి రెండో పక్క కూడా నింపాను. ఎనభై ఆరు వసంతం, పదకొండు కప్పీలు, కప్పీకి రెండు కుండీలు, తూర్పు కొమ్మల మీద ఏ కుండీలు, పడమటి కొమ్మల మీద ఏవి, ఈ ఏడు నేల మీద ఇరవై రెండు, అన్నీ రాశాను. నా చేత్తో అంత పొడుగు ఎన్నడూ రాసి ఎరగను. గుమాస్తా చదివి, మొహం అదోలా పెట్టి, పర్మిట్ ఫైలు నిన్ననే మూసేశామంది. ఇది తీసుకుంటే వేరే ఫైల్లోకి పోతుంది, ఆలోచించుకోండి సార్ అని కూడా అంది. ఏ ఫైలైతేనేం, నిజం నిజమే కదా, పెట్టండి అన్నాను. నేను వీరుణ్ణయిపోయినట్టు, గుండె తేలికపడినట్టు, ఈల వేసుకుంటూ మెట్లు దిగాను. ఏ ఫైలు అని అడిగే బుద్ధి లేకపోయింది. జీవితంలో ఎన్నడూ నోరు విప్పనివాడికి, ఎప్పుడు విప్పాలో ఎప్పుడు ముయ్యాలో ఎలా తెలుస్తుంది?

తొమ్మిదో రోజు నోరీన్ మా ఇంటికొచ్చింది. చేతిలో కౌన్సిల్ నోటీసు. ప్రమాణ పూర్వకమైన సాక్ష్యం ప్రకారం ఆ చిరునామాలో పర్మిట్ లేకుండా ఇరవై రెండు మొక్కలు పెంచుతున్నారు, చట్టం ఇంటికి ఆరు ఒప్పుకుంటుంది, అవీ ఇంటి లోపలే, కాబట్టి పెరట్లోవన్నీ పది రోజుల్లో కొట్టెయ్యాలి, లేదంటే మొక్కకీ రోజుకీ జరిమానా. వెనక నేను రాసిన కాగితం నకలు జతచేశారు.

గుమ్మంలోనే నిలబడి ఆ నకలు మొత్తం చదివింది. నా అక్షరాలు గజిబిజి. అక్కడక్కడ ఆగి, కళ్ళజోడు సర్దుకుని మరీ చదివింది. పడమటి కొమ్మల దగ్గరికొచ్చేసరికి తల ఊపింది, అవును అలాగే ఉండేవి అన్నట్టు. లోపలికి రమ్మనడం కూడా మర్చిపోయాను.

"అన్నీ సరిగ్గానే రాశావు. ఇది మంగళవారం చెప్పాల్సిన మాట మెర్ల్" అంది.

మొగ్గ అప్పుడప్పుడే తొడుగుతోంది. కోతకి ఇంకా రెండు నెలలుంది. ఆ పచ్చిది దేనికీ పనికిరాదు, నూనెకి కూడా రాదు. నేను రంపం తీసుకుని వెళ్ళాను. ఆమె గేటు గొళ్ళెం పెట్టుకుంది. కంచె ఇవతల నిలబడి, నోరీన్, ఒక్క వరసైనా నన్ను కొయ్యనివ్వు అని బతిమాలాను. విననట్టే వంగి పని చేసుకుంది. రెండు రోజులు పట్టింది ఆమెకి. నేను రెండు రోజులూ అక్కడే నిలబడ్డాను, నీడ కోసం కూడా జరగలేదు. రెండోరోజు సాయంత్రం ఆఖరి మొక్క పడ్డాక కొడవలి తుడుచుకుని, నడుం పట్టుకుని, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఇప్పుడామె ఆ గాజు షెడ్లలోనే కూలికి ఆకులు కత్తిరిస్తోంది. పొద్దున ఏడింటికి మా ఇంటి ముందునుంచే నడిచి వెళ్తుంది. నేను వాకిట్లో ఉంటాను. పలకరిస్తే పలుకుతుంది, చలిగా ఉందనో వానొచ్చేలా ఉందనో అంటుంది. మూడేళ్ళయింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.