కరెంటు పోయినప్పుడు ఫోన్ చదువుతూనే ఉంది

శనివారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా నేత షెడ్డులో కరెంటు పోయింది. బ్లాగులు రాసేవాళ్లు కొందరు నన్ను ఫోన్‌లో ఏమేం వాడతావని అడుగుతుంటారు. వాడేవి రెండే. ఆ పూట ఒకటి నన్ను తన్నించింది, ఇంకొకటి నా రాతను బతికించింది. కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. వలస వచ్చి మేముండే గోడాదరాలో, మా సంఘం గదిలో ఒక టీచరమ్మ నేర్పింది. ఒక్కో అక్షరం పట్టుకుని పోతుంటే వాక్యం ఎటు పోతోందో నా కంటికి దొరకదు. చెవి మాత్రం పుట్టినప్పటి నుంచి పనిచేస్తోంది. అందుకే రాసిందంతా ఫోన్‌తో పైకి చదివించుకుంటాను. విసుగు పుట్టిన చోట కోసేస్తాను. బ్లాగులో పెట్టేముందు ప్రతివాడూ ఈ పని చేయాలి. బాగా చదువుకున్నవాళ్లు మరీ చేయాలి.

మా ఇంట్లో ఒకటే గది, దానికి తోడు టీవీ. కాబట్టి నా వినడమంతా షెడ్డులోనే. నలభై సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. మేం చేతులతో, పెదాలతో మాట్లాడుకుంటాం. ఫోన్ శబ్దం నిండా పెంచి, తలకు చుట్టుకున్న తువ్వాల కింద చెవి దగ్గర దోపుకుంటాను. నూలు కండె మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది, నా కథ నాకు వినపడుతూనే ఉంటుంది.

ఆ వారం రాసింది మా అల్లుడి గురించి. అతనూ ఇదే షెడ్డులో పనిచేసేవాడు. ఒక సాంచాలోంచి నాడె ఎగిరి బయటికి వస్తోంది, బాగుచేసే దాకా నడపనని మా పని చూసే మాస్టర్‌తో అన్నాడు. మాస్టర్ మా వైపువాడే. నాడెను కొట్టే కర్ర ఊడదీసి, అదే కర్రతో మా అల్లుడి మోచేయి విరగ్గొట్టాడు. షెడ్డు ఓనరు శేఠ్‌కు మాత్రం వాడు తాగొచ్చి ఆడే సాంచాలో చెయ్యి పెట్టాడని చెప్పాడు. ఆ రోజు నాది సెలవు, అల్లుడు చెప్పిందే రాశాను. ఎదురు సాంచాల మీద ఉండే కరీంనగర్ మనిషి అంతా చూశాడు, నోరు విప్పలేదు. తాగుబోతు అన్న మాట ఒకసారి పడితే అమ్రోలి నుంచి పర్వత్ పాటియా దాకా, ఊరంతటా ఏ షెడ్డువాడూ పని ఇవ్వడు. శనివారం శేఠ్ మా అల్లుడిని తన గదిలోకి పిలిపించాడు. పనిలో ఉంచాలా, తీసేయాలా తేల్చడానికి.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. నా తువ్వాల కింద ఆడగొంతు ఆగలేదు. రైల్వే స్టేషన్‌లో బండి వస్తోందని చెప్పినట్టు, కోపం లేకుండా చదువుతోంది. 'మాస్టర్ మొదటి దెబ్బ మోచేయి మీద కొట్టాడు. ఎముక చప్పుడు సాంచాల మోతలో కలిసిపోయింది.' నలభై సాంచాల షెడ్డుకు ఆ గొంతు మైకు పెట్టినట్టు వినపడింది.

ఫోన్ లాగి ఆపబోయాను. వేళ్లకు నూనె. అద్దం మీద ఎంత రుద్దినా తీసుకోదు.

"బంద్ చెయ్యి దాన్ని, ముసలోడా." మాస్టర్ నా ముందుకొచ్చాడు.

"జర ఆగు, చేతులకు నూనె ఉన్నది."

ఆగలేదు. చేతిలోని కర్రతో నా మణికట్టు మీద కొట్టాడు. ఫోన్ ఎగిరి సాంచా కింద పడి అక్కడి నుంచి చదవసాగింది. రెండో దెబ్బ నా ముక్కు మీద. సాంచా మీద నేస్తున్న మల్లు గుడ్డ మీద నా నెత్తురు చిమ్మింది. మా అల్లుడు శేఠ్ గదిలోంచి ఉరికొచ్చి తలతో మాస్టర్ పొట్టలో గుద్దాడు. మాస్టర్ పడుతూ పడుతూ కట్టు ఉన్న చేతిని పట్టుకుని మెలిపెట్టాడు. మా అల్లుడి అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను చేతికి దొరికిన నాడె తీసుకున్నాను. దాని రెండు కొనలకూ ఉక్కు ములుకులుంటాయి. మాస్టర్ తొడలో పొడిచాను. లోపలి దాకా దిగింది. ఇంకోసారి పొడిచేవాణ్నే, కరీంనగర్ మనిషి నన్ను వెనక నుంచి నడుం పట్టి లాగాడు.

అప్పటికి శేఠ్ వచ్చాడు. గుజరాతీ మనిషి, తెలుగు ముక్క రాదు. సాంచా కింద ఫోన్ ఇంకా చదువుతోంది. అదేం చెబుతోందని హిందీలో అడిగాడు. మాస్టర్ తొడ పట్టుకుని, ముసలోడి పిచ్చి కథలు అన్నాడు.

నా నడుం మీది చేతులు వదులయ్యాయి. కరీంనగర్ మనిషి ముందుకొచ్చి, ఆ గొంతు చదువుతున్న ఒక్కో మాటా హిందీలోకి తిప్పి చెప్పాడు. దెబ్బ, ఎముక, అబద్ధం. ఫోన్ ఆగిపోయాక కూడా అతను ఆగలేదు. నేను రాయని సంగతొకటి చెప్పాడు: "పీకే నహీ థా, శేఠ్." తాగి లేడు.

"తూనే దేఖా?" నువ్వు చూశావా అని శేఠ్.

"దేఖా."

మాస్టర్ కర్ర పట్టుకుని అతని మీదికి లేవబోయాడు. తొడ సహకరించక కూలబడ్డాడు. శేఠ్ కాలితో ఆ కర్రను దూరం తన్నాడు. మా అల్లుడితో, కట్టు విప్పాక పనికి రమ్మన్నాడు. మాస్టర్‌నూ నన్నూ ఆ పూటే గేటు దాటమన్నాడు. నెత్తురు కారించినవాడు ఎవడైనా తనకు వద్దట. న్యాయమే. నాడె దించింది నేనే.

ఫోన్ అద్దం పొడైపోయింది. ఇక రెండోది చెబుతాను. రాసింది ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంచుకోకండి. రాస్తుండగానే నెట్‌లో దానంతటదే దాచుకునే చోట రాయండి. మా బిడ్డ ఫోన్‌లో నా పాస్‌వర్డ్ కొట్టి చూస్తే, చివరి చుక్కతో సహా అంతా అక్కడే ఉంది. ముక్కుకు దూది పెట్టుకుని ఆ సాయంత్రమే బ్లాగులో పెట్టాను. ఇప్పుడు పని లేదు కదా, రాయడానికి తీరిక బాగానే ఉంది.

మా బిడ్డ పేర్లు మాత్రం వద్దంది. సరే. మనుషులనైతే రాస్తాను, ఎవరూ రేపు లేననకుండా. ఆ శనివారం అక్కడ ఉన్నవాళ్లం: కర్ర పట్టిన మాస్టర్, తెలుగు రాని శేఠ్, కట్టు చేతితో మా అల్లుడు, నాడె పట్టిన నేను, సాంచాల దగ్గర నిలబడి విన్న కూలీలు, చూశానని చెప్పిన కరీంనగర్ మనిషి.