నూతి దాకా ఊపిరి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొగంటే మందు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పసిపిల్లకు తలంటితే సాంబ్రాణి పొగ, జలుబు చేస్తే వావిలాకు పొగ, దోమలకు వేపాకు పొగ. ఇవన్నీ ఒక ఎత్తు, జీడితోటకు పెట్టే పొగ ఒక ఎత్తు. మాది ఉద్దానంలో, పలాసకూ వజ్రపుకొత్తూరుకూ నడుమ చిన్న ఊరు. ఇంటి వెనక దొడ్డి, దొడ్డి చివర నుయ్యి, నుయ్యి దాటితే తోట. మాఘం వచ్చేసరికి జీడిచెట్లు నిండా పూతతో ఉంటాయి. ఆ పూతను మాడ్చేసే దోమ ఒకటుంది. దాన్ని తరమడానికి మా తాతయ్య సాయంత్రాలు చెట్ల కింద ఎండాకు కుప్పలు పోసి నిప్పంటించేవాడు. పొగ తగిలిన పూతే నిలుస్తుందని ఆయన నమ్మకం.

ఆ కుప్పల మీద నీళ్ళు చిలకరించడం తొమ్మిదేళ్ళ నా ఉద్యోగం. ఆకు భగ్గుమని మండకూడదు, అలాగని ఆరిపోనూ కూడదు, పొగ మాత్రమే రావాలి. "ఈ గుంట సెయ్యి పడితే సాలు, పొగ దానికదే పాకతాది" అనేవాడు తాతయ్య. ఆడపిల్లను మా వైపు గుంట అంటారు. ఆ మాటకు ఎంత పొంగిపోయేదాన్నో! బళ్ళో పలక పట్టుకోవడం కంటే తోటలో చెంబు పట్టుకోవడమే నాకు గొప్పగా ఉండేది. కళ్ళు మండేవి, గొంతు గీరుకుపోయేది, ముక్కు చీదితే నల్లగా వచ్చేది. పనిచేసే మనిషికి అవన్నీ మామూలే అనుకునేదాన్ని.

మా నాన్న చెల్లెలు, మా చిన్నత్త, మాతోనే ఉండేది. ఆమెకు చిన్నప్పటినుంచీ ఆయాసం. మనిషి సన్నం, నోరు మాత్రం చురుకు. ఎవరినైనా ఒక్క మాటతో నవ్వించేది, రెండో మాటకు ఊపిరి ఉండేది కాదు. పాటలంటే ప్రాణం. చరణంలో మొదటి ముక్క పాడి ఆగి నావైపు చూసేది, రెండో ముక్క నేను అందుకునేదాన్ని. అత్తా మేనకోడలూ భలే పాడతారే అని ఇరుగుపొరుగు ముచ్చటపడేవారు. ఊపిరి చాలక ఆగుతోందని వాళ్ళకూ తెలీదు, పక్కనే కూర్చున్న నాకూ తెలీదు. నాకు పాట దక్కింది కదా, అంతే చూసుకున్నాను.

ఆయాసం ఎక్కువైన రోజు మా అమ్మ కుండలో నిప్పులు పోసి, మీద వావిలాకు వేసి, ఆ కుండ ముందు చిన్నత్తను కూర్చోబెట్టి దుప్పటి కప్పేది. లోపలినుంచి ఒకటే దగ్గు. "కఫం కదులుతోంది, ఓర్సుకో" అనేది అమ్మ. మా అమ్మ చెడ్డది కాదండీ, తన పిల్లలకు కూడా అదే చేసేది. చిన్నత్త ఎదురు చెప్పేది కాదు. వాదించాలన్నా ఊపిరి కావాలి కదా, ఆ సంగతి ఎవరికి తడుతుంది?

ఆ ఏడు ఫాల్గుణంలో పడమటి కొండలకు నిప్పంటుకుంది. ఇప్పపూలు రాలే కాలం అది. పూలు ఏరుకునేవాళ్ళు చెట్టు కింద ఎండాకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. గాలి తిరిగిందో ఏమో, మంట అడవికి పాకింది. వాళ్ళను అనడానికి మాకు మొహం లేదు, మేమూ ఆకు కాల్చేవాళ్ళమే. రెండోనాటికి పొగ కొండ దిగింది. తెల్లారి లేస్తే తోటంతా పొగమంచు కమ్మినట్టు ఉంది, నూతి గట్టు మీంచి మొదటి వరస చెట్లు కూడా ఆనడం లేదు. మా తాతయ్య సంబరం చూడాలి! "కొండమ్మే మనకి పొగెట్టేసింది రా, ఈ ఏడు పూత రాలమన్నా రాలదు" అని కండువా నడుముకు బిగించుకుని తోటంతా తిరిగాడు. ఇంట్లోకీ తగలనివ్వండి, మంచిదేనని తలుపులన్నీ బార్లా తీయించాడు. అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి, గొంతులు బొంగురుపోయాయి. ఒకరి గొంతు విని ఒకరం నవ్వుకున్నాం కూడా.

మూడోరోజు పొద్దున్న ఇంట్లోవాళ్ళంతా తోటకు వెళ్తూ, "అత్తని సూసుకోయే" అని నన్ను ఇంటి దగ్గర వదిలారు. చిన్నత్త మంచం మీద కూర్చుని, రెండు చేతులతో మంచంపట్టెను పట్టుకుని ఉంది. భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. మెడ దగ్గర గుంట పడుతోంది. పిల్లిపిల్ల అరిచినట్టు లోపల సన్నగా కూత. నాకు భయం వేసింది. భయం వేస్తే ఏం చేయాలో మా ఇంట్లో నాకు తెలిసింది ఒక్కటే. కుండలో నిప్పులు వేశాను, వావిలాకు దూసి పోశాను, నీళ్ళు చిలకరించి తీసుకెళ్ళి ఆమె మంచం కింద పెట్టాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది నా చేత్తో నేనే వేశాను.

చిన్నత్త కళ్ళు తేలేసింది. చెయ్యి ఊపింది, నాకు అర్థం కాలేదు. ఆఖరికి కాలితో కుండను తన్నేసింది. నిప్పులు నేల మీద చెదిరాయి. నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైందని మూతి ముడుచుకునే నిప్పుల మీద నీళ్ళు కుమ్మరించాను. ఆమె చెయ్యి చూపిస్తే తలుపులు కూడా విసురుగానే మూశాను. తడిపిన చీర ఒకటి కిటికీకి కట్టమని సైగ చేస్తే, కట్టాను. చాలాసేపటికి కూత కొంచెం తగ్గింది.

ఆమె నన్ను తిట్టలేదు. దొడ్లోంచి బొప్పాయి ఆకు కాడ ఒకటి విరుచుకు రమ్మంది. తెచ్చాను. ముక్కు మూసుకుని, ఆ కాడ నోట్లో పెట్టుకుని, దాంతోనే గాలి పీలుస్తూ నూతి దాకా పరుగెత్తి రమ్మంది. నాకు ఆటలా అనిపించి అలక మరిచిపోయాను. వెళ్ళి వచ్చాను, కొంచెం రొప్పాను, అంతే. అప్పుడు ఆమె చూరులోంచి ఒక వరిగడ్డి పరక లాగి, కణుపు లేకుండా తుంచి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు దీంతో ఎల్లు. ముక్కు ఇడవకు."

పదడుగులు బాగానే వేశాను. సగం దొడ్డి దాటేసరికి గుండె దడదడలాడింది. ఎంత గట్టిగా పీల్చినా చెంచాడు గాలి కూడా రావడం లేదు. బట్టలు ఉతికే బండ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు చీకట్లు కమ్మి, చచ్చిపోతానేమో అనిపించింది. పరక ఉమ్మేసి, అక్కడే కూలబడి, నోరంతా తెరిచి ఆ పొగగాలినే గుక్కలు గుక్కలుగా మింగాను. ఏడ్చుకుంటూ లోపలికి వచ్చాను. చిన్నత్త నా తల మీద చెయ్యి వేసింది. మాటకూ మాటకూ నడుమ ఆగి ఆగి అంది:

"నువ్వు ఉమ్మేసినావు. నాకు... ఉమ్మడానికి లేదమ్మా."

ఆ పరక పట్టుకుని తోటకు పరుగెత్తాను. తాతయ్య చెట్టు కొమ్మ వంచి పూత చూసుకుంటున్నాడు. చిన్నత్త చచ్చిపోతోంది, ముక్కు మూసుకుని దీంతో పీల్చు తాతా, అని ఆయన నోటి దగ్గర పెట్టాను. పిచ్చిగుంట అని నవ్వుతూనే పెట్టుకున్నాడు. నాలుగు ఊపిర్లు తీశాడో లేదో నవ్వు పోయింది. పరక తీసి అరచేతిలో పెట్టుకుని దానికేసి చూశాడు, కొండకేసి చూశాడు. "ఓలమ్మో, ఎన్నాల్లుగా ఇలగుందో నా తల్లి" అన్నాడు. అప్పటికప్పుడు బండి కట్టాడు.

పలాసలో డాక్టరుగారు సూది వేసి మా అందరినీ చీవాట్లు పెట్టారు. కంటికి కనబడే పొగ కంటే అందులోని కనబడని నుసి చెడ్డదని, అది ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోయి, లోపలి సన్నటి గొట్టాలు వాచేలా చేస్తుందని చెప్పారు. ఆయాసం ఉన్నవాళ్ళకూ పసివాళ్ళకూ ముసలివాళ్ళకూ అది ముందు తెలుస్తుంది, గట్టివాళ్ళకు కాస్త ఆలస్యంగా తెలుస్తుంది, అంతే తేడా అన్నారు. మందుపొగ, మంచిపొగ అంటూ వేరే ఉండవన్నారు. మా అమ్మ ఆ మాట విని అక్కడే చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

డాక్టరుగారి మాట మీద తాతయ్య చిన్నత్తను అక్కుపల్లిలో సముద్రం ఒడ్డున తెలిసినవాళ్ళ ఇంట్లో దింపాడు. ఏడెనిమిది రోజుల తర్వాత నన్ను చూడటానికి తీసుకెళ్ళాడు. ఇసుకలో కూర్చుని ఉంది, మొహం తేటగా ఉంది. నన్ను చూడగానే పాట ఎత్తుకుంది. మొదటి ముక్క పాడి ఆగుతుంది కదా అని నేను నోరు తెరిచాను. ఆగలేదు. చరణమంతా ఒక్క ఊపిరిలో పాడేసి, నా తెల్లమొహం చూసి నవ్వింది. నా వంతు నాకు రాలేదని మొదటిసారి సంతోషపడ్డాను.

ఆమెను అక్కడే ఉంచేస్తే ఎంత బాగుండేది! జీడిపిక్కలు ఏరే రోజులు వచ్చాయి, ఇంట్లో చేతులు చాలడం లేదు, కొండ చల్లారిందిగా అని తనే వచ్చేసింది. చైత్రంలో కొండ అవతలివైపు మళ్ళీ అంటుకుంది. ఈసారి తలుపులు మూశాం, తడిగుడ్డలు కట్టాం, వావిలాకు జోలికి పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. రెండోనాడు మధ్యాహ్నం తాతయ్య బండి కడుతుండగానే చిన్నత్త పోయింది. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. భుజాలు లేవడం ఆగాయి. హమ్మయ్య, నెమ్మదించింది అనుకున్నాను నేను.

చాలా రోజులు నేను అన్నం సరిగా తినలేదు. ఒకనాడు తాతయ్య నూతి దగ్గర పట్టుకుని అడిగితే, నేను కుండ పెట్టడం వల్లే అత్త పోయిందని చెప్పేశాను. ఆయన నన్ను దగ్గరకు తీసుకున్నాడు. "నీది కుండడు పొగే గుంటా. నాను తోటంత పెట్టినాను, ఇన్నేల్లు పెట్టినాను" అన్నాడు. తాతయ్య ఏడవగా నేను చూడటం అదొక్కసారే. ఆ తర్వాత ఆయన తోటలో ఎన్నడూ నిప్పు పెట్టలేదు. ఎండాకు పోగుచేసి గోతుల్లో వేసి కుళ్ళబెట్టాడు. మరుసటేడు పూత చాలావరకు మాడిపోయింది, ఊరంతా నవ్వింది. నవ్వనీ అన్నాడు.

నాకిప్పుడు అరవై దాటి చాలా ఏళ్ళయింది. తాతయ్య లేడు, అమ్మ లేదు, ఆనాటి జీడిచెట్లు తుఫాన్లకు పోయి కొత్తవి వచ్చాయి. కొండలు మాత్రం ఫాల్గుణానికి కాలుతూనే ఉన్నాయి. ఈ ఏడూ కాలాయి. గాలి ఎంత చెడ్డదో ఇప్పుడు ఫోనే రంగులు వేసి చూపిస్తోంది, నా మనవరాలు చూపించింది. ఫోను చెప్పకపోయినా నాకు తెలుస్తుంది. తలుపులు వేయించాను, పిల్లలను ఆటలకు పోనివ్వలేదు. పక్కింటి ముసలాయనకు ఆయాసం, ఆయన పీల్చే మందు ఉందో అయిపోయిందో స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. నాది చాదస్తమని అంటారు. తోటలో ఆకు తగలబెడుతున్న కుర్రాడికి గడ్డిపరక ఇచ్చి, నూతి దాకా వెళ్ళి రారా అన్నాను. "ఏటి మామ్మా, సిన్నపిల్లల ఆటలు!" అని నవ్వాడు. మా తాతయ్య కూడా మొదట నవ్వాడు కదా అని నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి పరక తీసుకున్నాడు. ఆ తర్వాత బకెట్టుతో నీళ్ళు తెచ్చి కుప్ప మీద పోశాడు.

ఏటా కొండ పొగ తగ్గి గాలి తేటపడ్డ రోజున, ఎవరూ చూడకుండా నేనూ ఒక పరక తుంచుకుంటాను. ముక్కు మూసుకుని నూతివైపు నడుస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నుయ్యి చేరలేదు, బట్టలు ఉతికే బండ దగ్గరే ఉమ్మేస్తాను. గుండె నిండా చల్లటి గాలి వస్తుంది. హాయిగా ఉంటుంది. ఆ హాయికే నాకు ఏడుపొస్తుంది.