గేటు దగ్గర ఈదమ్మ

2009 ఆగస్టులో స్వైన్‌ఫ్లూ భయం షామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్‌లోని మా కాలనీకి వచ్చింది. సగం ప్లాట్లు ఖాళీయే అయినా మాకో సంఘం, దానికో అధ్యక్షుడు జోగారావుగారు. ఆయన మీటింగు పెట్టి తీసుకున్న జాగ్రత్త ఒక్కటే: నాలుగిళ్లలో అంట్లు తోమి, ఇళ్లు ఊడ్చే ఈదమ్మను రానివ్వద్దు. ఆమె భర్త సిద్దయ్య మా వాచ్‌మన్. అతని ఉద్యోగానికి ఢోకా లేదు. నీళ్ల క్యాన్లు తెచ్చి మా వంటిళ్లలో పెడుతూనే ఉన్నాడు. డిగ్రీ మధ్యలో వదిలేసిన నాకే ఇది తిక్కగా కనబడింది. చదివినవాళ్లకు కనబడలేదు.

మూడోరోజు ఈదమ్మ జోగారావుగారి ఇంటి ముందు నిలబడింది.

"ఇద్దరం ఒక్క ఇంట్ల ఉంటం, ఒక్క గిన్నెల తింటం. రోగం నాకే ఎట్లొస్తది సార్?"

"వాణ్ణీ మాన్పిస్తే గేటెవరు చూస్తారమ్మా?"

"నేను జూస్త. ఆయనను బోళ్లు తోమ పంపుత. ఆయనకు రోగం లేదంటిరి గద!"

జోగారావుగారు నోరు తెరిచేలోపు లోపల్నుంచి ఆయన భార్య పార్వతీదేవిగారు, "పంపించు! సింకు నిండిపోయింది" అన్నారు.

సిద్దయ్య రెండ్రోజులు తోమాడు. గిన్నెలకు సబ్బు అలాగే ఉండేది, చెత్త సోఫా కిందికి చేరేది. రెండోరోజు నాలుగో ఇల్లు ముగించి నడుం పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు.

"పానం పోతాందే."

"అయ్యో, నీకు గూడ నడుమున్నదా?" అంది ఈదమ్మ, వాచ్‌మన్ కుర్చీలోంచి కదలకుండా.

మర్నాడు పొద్దున జోగారావుగారు వాకింగ్ నుంచి వస్తూ గేటు ముందు గట్టిగా తుమ్మారు. ఈదమ్మ విజిల్ వేసి గొళ్లెం పెట్టేసింది.

"పది రోజులు బయటనే ఉండుండ్రి సార్."

"దుమ్ముకి తుమ్మానే! అది నా ఇల్లు!"

"నేనైతే తుమ్మనే లేదు. అయినా నాలుగిండ్లు బందాయె."

బాల్కనీలో పార్వతీదేవిగారు పగలబడి నవ్వారు. నేనూ ఆపుకోలేదు. చివరికి ఆవిడే, "ఈదమ్మా, పనిలోకి వచ్చెయ్. ఆయన్ని కూడా రానియ్" అని కేకేశారు.

ఈదమ్మ గొళ్లెం తీసింది. సిద్దయ్య ఆశగా కుర్చీ వైపు నడిచాడు.

"యాడికి? రెండిండ్లు నావి, రెండిండ్లు నీవి. పని నేర్సినవ్ గద, నడువ్. పని అయినంక పొద్దుమీకి కూసుందువు తియ్!"


సిద్దయ్య మా అందరి వైపూ ఒకసారి చూసి, నడుం సర్దుకుని ఆమె వెనకాలే నడిచాడు.