మూడో పిలుపు

నా భార్యకు పెద్ద ఆపరేషన్ అయినప్పుడు పన్నెండు రోజులు కన్ను మూయకుండా మంచం పక్కన నిలబడ్డానని చాలామందికి చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సులో పక్క సీటువాళ్ళకూ చెప్పాను. నిలబడలేదు, కూర్చున్నాను. కన్ను మూయలేదన్నదీ అబద్ధమే. నా గురక భరించలేక పక్క మంచం ముసలామె చేతికర్రతో నన్ను పొడిచేది. పన్నెండు రోజులన్నది మాత్రం నిజం.

తొంభైల చివర సంగతి. అనంతపురంలో ఒక చిన్న ఆసుపత్రి. కడుపులోంచి గుమ్మడికాయంత గడ్డ తీశారు. సరే, టెంకాయంత. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, నోట్లో చుక్క నీళ్ళు పోయకూడదు. పెదాలు ఎండిపోయి గొంతు పెగలడం లేదు. ఏం కావాలన్నా మంచం ఇనుప పట్టీ మీద వేలితో తట్టేది. మర్నాడు పొద్దున నర్సు నాకు ఒకే పని అప్పజెప్పింది.

"కట్టు చూస్తాండు పెద్దాయనా. తడిసినట్ల కనపడితే ఉరుక్కుంటా వచ్చి చెప్పు. ఈడనుంచి కదలొద్దు."

"నన్ను ఈ మంచానికి కట్టేసి పోమ్మా," అన్నాను.

"కట్టేస్తే మంచంతో సహా బీడీ తాగను పోతాడు," అంది పక్క మంచం ముసలామె. ముదిగుబ్బ దిక్కు గొర్రెలు కాచిన మనిషి. తొడ ఎముక విరిగి కాలికి కట్టుంది, నోటికి లేదు.

ముసలామె అన్నట్టే చేశాను. మిట్టమధ్యాహ్నం నా భార్య నిద్రపోతున్నట్టు కనిపించగానే వరండాలోకి వెళ్ళి బీడీ ముట్టించాను. మందులు తేవడానికి పోయానని ఇన్నాళ్ళూ చెప్పిన మాట ఇక్కడ కొట్టేస్తున్నాను. ఆ ఏడూ వానల్లేవు. ఆవరణలో ఎర్రమట్టి సుడి తిరిగి తిరిగి ఉన్నట్టుండి పడిపోయింది. కరెంటు పోయి లోపల ఫ్యాను చప్పుడు కూడా ఆగింది.

అప్పుడు నా పేరు వినిపించింది.

నా భార్య గొంతే. కానీ ముప్పై ఏళ్ళలో ఆమె నా పేరు పలికింది లేదు. మా వైపు ఆ కాలం ఆడవాళ్ళు మొగుడి పేరు నోట తీయరు. రేషన్ కార్డు రాసే మనిషి అడిగినా నా వైపు చెయ్యి చూపించి ఊరుకుంది. ఏమప్పా, ఇదో, కోపమొస్తే ఓ పెద్దమనిషీ. ఆమె దగ్గర ఇవే నా పేర్లు. అలాంటిది, నీళ్ళు కావాలని అడగడానికే గొంతు రాని మనిషి, మా నాయన పెట్టిన పేరు మొత్తం తడబడకుండా పలికింది.

నేను పలకలేదు.

చిన్నప్పుడు శెనక్కాయ చేనికి కావలి పంపుతూ మా జేజి, అంటే మా నాయన తల్లి, చెప్పేది: "మిట్టమద్యాన్నం ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలకాకు నాయనా. మూడుసార్లు పిలిస్తే మనిషి. దయ్యానికి రెండుసార్లు పిల్చేదానికే శక్తి ఉంటాది." ఆ తర్వాత ఎప్పుడో ఊళ్ళో తలుపులన్నిటి మీదా 'రేపు రా' అని సుద్దతో రాసుకున్నప్పుడు, మా తలుపు మీద నేనే నవ్వుకుంటూ రాశాను. ఆ వరండాలో నవ్వు రాలేదు.

మళ్ళీ పిలిచింది. ఈసారి నా చెవి వెనకనుంచే అని చెబుతుంటాను. కాదు, వార్డులోనుంచే. మొదటిసారి కన్నా నెమ్మదిగా.

మూడో పిలుపు కోసం చూస్తూ నిలబడ్డాను. బీడీ వేళ్ళ దాకా కాలింది. మూడో పిలుపు రాలేదు.

లోపలికి వెళ్ళాను. ప్రేమతో కాదు, బయట ఒంటరిగా నిలబడలేక. కట్టు తడిసి, దుప్పటి తడిసి, మంచం కింద నెత్తురు చుక్కలు పడుతున్నాయి. ఆమె ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. నా కేకకు నర్సు వచ్చింది. నా భార్యను మళ్ళీ ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, బతికిందన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదన్నాడు.

ఆ కొంచెంలో ఎంతో భాగం నేను బీడీతో నిలబడి తినేశాను. మొదటి పిలుపుకే పరుగెత్తానని ఇంతకాలం చెప్పుకున్నది అందుకే.

ముసలామెను అడిగాను. "రెండుసార్లు పిల్చింది కదా, నువ్వు ఇన్లేదా?"

"ఎవరు పిల్చినారప్పా? నేను కండ్లు తెర్సుకోనే ఉండా. ఆయమ్మ నోరే మెదపలేదు."

కొన్నాళ్ళకు గొట్టం తీశాక నా భార్యకు ఒక్కదానికే ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్లు పడతాయని తల వంచుకుని కూర్చున్నాను.

"నీ పేరు నేనెట్ల పలుకుతానప్పా? కండ్లు తిరుగుతాంటే పట్టీ మీద తట్టినా. రెండుసార్లు. మళ్ళ చెయ్యి లేయలేదు."

"మరి పేరు?"

"నాకేం తెలుసు? ఇన్నోనివి నువ్వు."

అప్పటినుంచి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతున్నాను. మొన్న మధ్యాహ్నం మంచం మీద వాలి ఉంటే నా పేరు వినిపించింది. "ఆఁ, వస్తాండా," అన్నాను.

"ఎవరికి పలుకుతాండావు?" వంటింట్లోంచి ఆమె.

"నువ్వు పిల్చలేదా?"

"లేదు." చేతిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "అయినా పోయి చూసి రా."